పరిచయాల బాబాయి

మా బాబాయికి ఉన్నది ఒకే ఒక్క చాదస్తం. ఇద్దరు మనుషులు ఒకచోట కనబడితే చాలు, ఒకరిని ఒకరికి పరిచయం చేయకుండా ఉండలేడు. ఆ ఇద్దరూ కొత్తవాళ్ళా, పాత స్నేహితులా, పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న మొగుడూ పెళ్ళాలా అన్న విచక్షణ ఆయనకు ఉండదు.

ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పక్కనే నేను బూట్లు తుడుచుకుంటున్నాను. బాబాయి గుమ్మంలోనే ఆగి, "అన్నయ్యా! ఇదిగో, వీడు నీ రెండోవాడు. రంగుల కొట్టులో పనిచేస్తాడు. పెళ్ళిళ్ళలో మిమిక్రీ కూడా చేస్తాడు" అన్నాడు.

నాన్న పేపరు దించి, నన్ను కిందనుంచి మీదదాకా ఒకసారి చూసి, "అలాగా! చాలా సంతోషం" అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

బాబాయి వెనకాలే చెప్పులు విడుస్తున్న పిన్ని, "ఏరా, కొట్టులో పని ఎలా ఉంది? మొన్న పెళ్ళిలో బాగా నవ్వించావటగా" అంది.

ఇక పెళ్ళిళ్ళలో ఆయన సంగతి చెప్పనక్కరలేదు. ఒకసారి వధూవరుల మధ్య నిలబడి ఫోటో తీయించుకుంటూ పెళ్ళికొడుకుతో, "ఈ అమ్మాయి పెళ్ళికూతురు. లెక్కల్లో డిగ్రీ చదివింది" అన్నాడు. పెళ్ళికొడుకు మర్యాదస్థుడు. "అవునండీ, ఎక్కడో చూసినట్టే ఉంది" అన్నాడు.

మా వీధిలో ఉన్న కవలపిల్లల్ని కూడా వదల్లేదు. "ఒరే, వీడు మీ అన్నయ్య. నీకంటే నాలుగు నిమిషాలు పెద్ద. గౌరవించాలి." ఒక చావింట్లో అయితే, పరామర్శకు వచ్చినవాళ్ళందరినీ వరసగా తీసుకెళ్ళి, పడుకోబెట్టి ఉన్న పెద్దమనిషికి పరిచయం చేశాడు.

ఈ చివరిది నేను కల్పించింది. పెళ్ళిళ్ళలో నా మిమిక్రీకి అదే పెద్ద నవ్వు. విమానాలూ, కుక్కలూ, రైలు కూతలూ అందరూ చేస్తారు. మా బాబాయి మాత్రం నా సొంత సరుకు. తొమ్మిదేళ్ళు ఆ సరుకు అమ్ముకుని చప్పట్లు కొట్టించుకున్నాను. బాబాయి కూడా మొదటి వరసలో కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఇంకోసారి చెయ్యరా, నాది చెయ్యి" అనేవాడు. నవ్వుతున్నాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. అనుకోకూడదని ఇప్పుడు తెలుస్తోంది.

బాబాయిది కళ్ళద్దాల దుకాణం. పాతిక మెట్లెక్కితే మొదటి అంతస్తులో, ఇద్దరు కూర్చుంటే ముగ్గురు నిలబడాల్సినంత గది. గోడల నిండా ఫ్రేములు, వాటి మధ్య అద్దాలు. మనిషి ఒక్కడే లోపలికి వచ్చినా పదిమంది వచ్చినట్టు కనబడుతుంది. ఏదో ఒకరోజు బాబాయి అద్దంలో ఉన్నాయన్ని కూడా పరిచయం చేస్తాడని అందరమూ ఎదురుచూసేవాళ్ళం.

చిత్రమేమిటంటే, ఆయన పుట్టు వాగుడుకాయ కాదు. యాభై ఏళ్ళదాకా మాట విషయంలో పరమ లోభి. "ఎలా ఉన్నావు బాబాయ్?" అంటే తల ఊపేవాడు. తల ఏ వైపు ఊపాడో చూసి బాగున్నాడో లేదో మనమే తెలుసుకోవాలి. యాభై దాటగానే ఏమైందో, ఆనకట్ట తెగినట్టు ఈ పరిచయాలు మొదలయ్యాయి. "వయసు మీద పడితే కొందరికి మోకాళ్ళు పట్టేస్తాయి, మీ బాబాయికి నాలుక వదులైంది" అని మా అమ్మ తేల్చేసింది. మేమందరం ఒప్పేసుకున్నాం.

ఆ ఏడాదే పిన్ని దుకాణంలో పడింది. పై అరలో ఉన్న ఫ్రేముల పెట్టె అందుకోబోయి స్టూలు మీదనుంచి జారి, బల్ల అంచు తలకు కొట్టుకుంది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. కుట్లు మానాయి. ఇంటికి వచ్చింది. నడిచింది, నవ్వింది, అడిగినవాటికి జవాబు చెప్పింది. "గండం గడిచింది, మళ్ళీ మామూలు మనిషైంది" అని మేం ఊపిరి పీల్చుకున్నాం. పిన్ని చిన్నపిల్లల బడిలో టీచరు. హాజరు పట్టీ చూడకుండా అరవైమంది పేర్లూ వరసగా పిలిచేది. పడ్డ మరుసటి ఏడాది ఉద్యోగం మానేసి, మెట్లెక్కలేకపోతున్నాను, మోకాళ్ళు అంది. మోకాళ్ళ నొప్పి అంటే నమ్మనివాళ్ళెవరు? దుకాణం పాతిక మెట్లూ రోజూ ఎక్కుతూనే ఉంది కదా అని ఎవరికీ తట్టలేదు.

పిన్నికి వైద్యం చేసిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు మాటా, నడకా, జ్ఞాపకమూ మళ్ళీ మొదటినుంచి నేర్పించడం ఆవిడ పని. ఆసుపత్రి వెనక వరండాలో, మందుల పెట్టెల మధ్య నేర్పేది. అలాంటివాళ్ళు పగలంతా వచ్చి కూర్చుని నేర్చుకోవడానికి ఒక మంచి గది ఉండాలని ఆవిడ కోరిక. దానికోసం విరాళాలు పోగుచేసే సభ ఒకటి పెడదామని, తలకు తగిలే దెబ్బ గురించి నలుగురికీ తెలిసేలా చెబుదామని బాబాయి పూనుకున్నాడు. కమిటీలో నలుగురం: బాబాయి, డాక్టరమ్మ, దుకాణం కింద బేకరీ ఆయన, నేను. పిన్ని టీ ఇచ్చి, ఓ మూల కూర్చుని వినేది.

మొదటి సమావేశంలో గంటసేపు మాట్లాడుకున్నాం. అందులో అరగంట పరిచయాలే.

"ఈవిడ డాక్టరమ్మ. ఈయన బేకరీ ఆయన. వీడు మా అన్నయ్య రెండోవాడు."

రెండోరోజు మళ్ళీ, "ఈవిడ డాక్టరమ్మ. ఈయన బేకరీ..."

"నిన్న చెప్పావు కదయ్యా!" అన్నాడు బేకరీ ఆయన.

"నిన్న చెప్పింది నిన్నటికి."

"నిన్నటినుంచి నేనేమీ వృత్తి మార్చలేదయ్యా బాబూ! పొద్దున నీకు రొట్టె అమ్మింది కూడా నేనే!"

"నాకు తెలుసు. మరి వీళ్ళకి?"

డాక్టరమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వేది కాదు. ప్రతిసారీ శ్రద్ధగా నమస్కారం పెట్టి, "నేను డాక్టర్ని" అని తానే మరోసారి చెప్పేది. ఈవిడ కూడా ఆయన జట్టే అని నేనూ బేకరీ ఆయనా కళ్ళతోనే అనుకున్నాం.

సభకు హాలు ఇస్తామని పిన్ని పాత బడివాళ్ళే ముందుకొచ్చారు. తన దగ్గర చదువుకున్న పిల్లలు చాలామంది వస్తారని తెలిసినప్పటినుంచి పిన్ని ముఖంలో వెలుగూ ఉంది, బెంగా ఉంది. సరిగ్గా అప్పుడే బాబాయి బ్యాడ్జీల సంగతి ఎత్తాడు. వచ్చిన ప్రతివాడూ గుండె మీద అట్టముక్క పెట్టుకోవాలి. దానిమీద పేరు, కింద వాడు చేసే పని.

"అక్షరాలు చిన్నవి చాలు" అన్నాను.

"చాలవు. పది అడుగుల దూరంనుంచి కనబడాలి."

"మనుషులకి బాబాయ్, లారీలకి కాదు."

వినలేదు. కుంచె పట్టుకుని ఒక్కొక్కటే తనే రాశాడు, దుకాణాల బోర్డులు రాసినట్టు. బేకరీ ఆయన తనది గుండెకు ఆనించి చూసుకుని, "దీని కింద 'ఇచ్చట కేకులు తాజాగా లభించును' అని కూడా రాస్తే నాకు లాభం" అన్నాడు.

సభకు నాలుగు రోజుల ముందు బాబాయి ఎంతో ఉత్సాహంగా కొట్టుకు వచ్చాడు. అప్పట్లో అంబులెన్సు తోలిన డ్రైవరు ఒకాయన ఉన్నాడట. పిన్ని పడ్డరోజు ఆ పాతిక మెట్లూ ఆవిడ తల కదలకుండా ఎత్తి దింపింది ఆయనేనట. తల అలా కదలకుండా పట్టుకున్నారు కాబట్టే మనిషి దక్కిందని డాక్టర్లు అప్పుడే అన్నారట. పిన్నికి ఆ పూట స్పృహ లేదు. ఆయన ఎలా ఉంటాడో కూడా తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఆయనకు ఒక్క మాట చెప్పుకోవాలని అడుగుతూనే ఉందట. ఇన్నాళ్ళకు బాబాయి ఆయన్ని పట్టుకున్నాడు. ఉద్యోగం అయిపోయింది, కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. సభరోజు రాత్రి బస్సుకే ప్రయాణం. సభకు తప్పక వస్తానన్నాడు.

"మీ పిన్నికి చెప్పాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుంటోందిరా" అన్నాడు బాబాయి. అని, వెళ్ళేముందు నన్ను మా యజమానికి పరిచయం చేసి మరీ వెళ్ళాడు.

సభరోజు సాయంత్రం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లల బెంచీలు తెచ్చి వేశాం. మైకు తీగను ఒకళ్ళు వంచి పట్టుకుంటేనే పలుకుతోంది. ఆ పని బేకరీ ఆయనకు అప్పగించాం. ఆయన దురద పుట్టి చెయ్యి మార్చినప్పుడల్లా ఉపన్యాసం ఆగిపోయేది.

డాక్టరమ్మ రెండు పుచ్చకాయలు తెచ్చింది. ఒకదానికి హెల్మెట్ పెట్టి, ఒకదాన్ని ఉత్తగా, ఒకే ఎత్తునుంచి వదిలి తేడా చూపిస్తానంది. వదిలింది. ఉత్త పుచ్చకాయ దొప్పున పడి, ఏమీ కాకుండా దొర్లుకుంటూ కుర్చీల కిందికి వెళ్ళిపోయింది. హెల్మెట్ పెట్టుకున్నది హెల్మెట్‌లోంచి జారి నేలమీద పగిలి చెక్కలైంది. హాలంతా గొల్లుమంది. డాక్టరమ్మ తొణకలేదు. "చూశారా? పట్టీ బిగించుకోకపోతే ఇదీ సంగతి" అంది. ఈసారి చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆవిడ అసలు మాటలు చెప్పింది. అప్పుడు నేను తెరవెనక అద్దంలో మీసం అంటించుకుంటున్నాను. కొన్ని ముక్కలు మాత్రం చెవిన పడ్డాయి. "కుట్లు మానడం వేరు, మనిషి మానడం వేరు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు లేచి నడిస్తే మనం బాగైపోయారనుకుంటాం. పైకి ఏమీ కనబడదు. మీ పక్క కుర్చీలోనే ఉండొచ్చు, మీ ఇంట్లోనే ఉండొచ్చు." నా మీసం ఒకవైపు ఊడుతోంది. జిగురు కోసం వెతుక్కుంటున్నాను. ఆ మాటలకంటే ఆ జిగురు ముఖ్యమైంది నాకు.

నా వంతు వచ్చింది. బాబాయి నడకా, గొంతూ, మనిషి భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసే తీరూ, అన్నీ దించేశాను. జనం పడీపడీ నవ్వారు. ఈసారి కొత్తదనం ఉండాలని ఎవరికీ చెప్పకుండా నేనొకటి అనుకుని వచ్చాను. వేదిక దిగి జనంలోకి వెళ్ళి, "ఈయన్ని మీరెరుగరు! ఈయన ఎవరనుకున్నారు?" అంటూ ఒకరి బ్యాడ్జీ తీసి ఇంకొకరికి తగిలించడం మొదలుపెట్టాను. దర్జీకి పోస్టుమాస్టరు బ్యాడ్జీ. పోస్టుమాస్టరుకి నర్సు బ్యాడ్జీ. మూల కుర్చీలో ఒద్దికగా కూర్చున్న తెల్ల మీసాల పెద్దాయన గుండె మీద 'అంబులెన్సు' అని ఉంటే, దాన్ని తీసి బేకరీ ఆయనకు పెట్టి, బేకరీ ఆయనది పెద్దాయనకు పెట్టాను. ముప్ఫైమందినైనా తారుమారు చేసి ఉంటాను. ఆ నవ్వులకు పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది. బాబాయి కోసం చూశాను. ఆయన హాల్లో లేడు. టీ సంగతి చూడటానికి పిన్నిని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళాడట.

టీ ఇచ్చారు. సరదాకి ఎవరూ బ్యాడ్జీలు తీయలేదు. పిన్ని చేతిలో మడతపెట్టిన కాగితం పట్టుకుని జనంలోకి వచ్చింది. ఒకమ్మాయి గుండె మీద బ్యాడ్జీ చూసి, రెండు చేతులూ పట్టుకుని, "నువ్వా తల్లీ! కిటికీ పక్కన కూర్చుని రోజూ పెన్సిలు పారేసుకునేదానివి. చెల్లెలు ఎలా ఉంది? ఆ ఆయాసం తగ్గిందా?" అంది. ఆ బ్యాడ్జీ ఆ అమ్మాయిది కాదు. అసలు అమ్మాయి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. పిన్ని కూడా ఆట ఆడుతోందనుకుని అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. మా పిన్ని ఇంత బాగా నటిస్తుందా అని మురిసిపోయాను కూడా.

పిన్నికి ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. తనూ కొంచెం నవ్వి, ముందుకు వెళ్ళి, బేకరీ ఆయన ఎదుట ఆగింది. గుండె మీద చీటీ ఒకసారి చదువుకుంది. చేతులు జోడించింది.

"ఆరోజు నన్ను మెట్లమీదనుంచి దింపింది మీరే కదండీ. మీ ముఖం ఎలా ఉంటుందో అని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నాను. మీ చేతుల్లోంచి మళ్ళీ పుట్టాను బాబూ నేను" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

రోజూ పొద్దున్నే ఎవరి దగ్గర రొట్టె కొంటుందో ఆ మనిషితో అంది ఆ మాటలు.

బేకరీ ఆయన చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. "అమ్మా, నేనమ్మా... బేకరీ..." అన్నాడు. ఎవరో ఇంకా నవ్వుతున్నారు. పిన్ని ఆయన ముఖంకేసి చూసింది, చుట్టూ ఉన్న ముఖాలు చూసింది, బ్యాడ్జీలు చూసింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. నాకూ అప్పుడే తెలిసింది.

బాబాయి గుమ్మంలోంచి అది చూశాడు. అంత జనంలోంచి, ఒక్కరిని ఒక్కరికి పరిచయం చేయకుండా, మాటా పలుకూ లేకుండా నడిచి వచ్చాడు. పిన్ని చెయ్యి పట్టుకుని పక్క తరగతి గదిలోకి తీసుకెళ్ళాడు. నేను మీసం పీకేసుకుంటూ వెనకాల పరిగెత్తాను.

పిన్ని చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుని ఉంది.

"పిన్నీ..." అన్నాను.

"నువ్వేనట్రా చీటీలు మార్చింది?" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బాబాయి చెప్పాడు. పడ్డరోజునుంచి పిన్నికి ముఖాలు తెలియడం లేదు. మనుషులు గుర్తే, వాళ్ళ పేర్లూ ఊసులూ అన్నీ గుర్తే. ముఖం చూస్తే మాత్రం అది ఎవరిదో తట్టదు. గొంతు వింటే పోల్చుకుంటుంది, కానీ పదిమంది ఒక్కసారి మాట్లాడేచోట గొంతులూ కలిసిపోతాయి. "నేనే చెప్పొద్దన్నానురా" అంది పిన్ని. "ఎవరైనా ఎదురొచ్చి, టీచరుగారూ, నేనెవరో చెప్పుకోండి చూద్దాం అంటే ఏం చెయ్యను? అందర్నీ పేరుపెట్టి పిలిచినదాన్ని. జాలిగా చూస్తే భరించలేననుకున్నాను."

"మరి ఆ సంగతి నాకొక్కడికైనా చెప్పొచ్చుగా బాబాయ్! పిన్ని చెవిలో మెల్లిగా చెబితే సరిపోయేదిగా! అందరికీ అందర్నీ పరిచయం చేస్తూ, నవ్వులపాలవుతూ..."

బాబాయి పిన్ని పక్కన కూర్చున్నాడు. తర్వాత అన్నాడు. "మీ పిన్ని ఒక్కదాని చెవిలో చెబుతూ కూర్చుంటే తను రోగి అయిపోతుందిరా. అందరికీ చెబితే నేను చాదస్తుణ్ణవుతాను. ఊళ్ళో ఒక చాదస్తుడు ఎక్కువైతే ఎవరికి నష్టం?"

పీకిన మీసం జేబులో కుక్కుకున్నాను.

"ఆయనేడిరా, అసలాయన?" అంది పిన్ని.

హాల్లోకి పరిగెత్తాను. మూల కుర్చీ ఖాళీగా ఉంది. దానిమీద బేకరీ బ్యాడ్జీ ఉంది. బేకరీ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ పిన్ని నాకు దణ్ణం పెడుతుంటే ఆయన నా పక్కనే ఉన్నాడయ్యా. 'మీకే చెప్పాలండీ ఈ మాటలు' అన్నాను. 'ఎవరు పుచ్చుకుంటే ఏముందండీ, ఆవిడ నడుస్తోంది, అది చూశాను' అన్నాడు. బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు." బస్టాపుదాకా పరిగెత్తాను. బస్సు వెనక భాగం చూశాను. అంతే.

తిరిగి వచ్చేసరికి పిన్ని వేదిక మీద ఉంది. ఎవరూ ఎక్కమనలేదట, తనే ఎక్కిందట. బేకరీ ఆయన రెండు చేతులతో మైకు తీగ పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఇందాక నేను పొరపాటుపడ్డాను. మీరు నవ్వారు. మీ తప్పు లేదు" అంది పిన్ని. "తలకు దెబ్బ తగిలిననాటినుంచి మీలో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. తొమ్మిదేళ్ళుగా మీరు కనబడితే గుర్తుపట్టినట్టు నవ్వుతున్నాను. ఈయన పక్కనుంచి అందిస్తుంటే మాట్లాడుతున్నాను. ఇదే బళ్ళో, పరీక్షలో పక్కవాడు అందిస్తే రాసేవాళ్ళని బెంచీ ఎక్కించాను. ఇదిగో, ఇక్కడ చాలామంది ఉండి ఉంటారు. మీ టీచరు తొమ్మిదేళ్ళుగా కాపీ కొడుతోంది."

హాలు మెల్లిగా నవ్వింది. వెనక బెంచీలోంచి ఒకాయన లేచి, తన బ్యాడ్జీ తీసేసి, "టీచరుగారూ, నేను..." అంటూ తన పేరూ, పని చేసే చోటూ, తాను చదివిన ఏడాదీ చెప్పాడు. ఆ పక్కావిడ లేచింది. ఆ తర్వాత వరస కట్టారు. డాక్టరమ్మ గంటసేపు చెప్పి తెప్పించలేకపోయిన విరాళాలను పిన్ని నాలుగు మాటల్లో తెప్పించింది. ఆ సభ పుణ్యాన గది ఏర్పడింది. పెద్ద కిటికీలున్న మంచి గది. వారానికి మూడు పూటలు పిన్ని అక్కడ కూర్చుని, మాట పోయినవాళ్ళకు అక్షరాలు దిద్దిస్తోంది.

అందరూ ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నేను కూడా మెచ్చుకున్నాను. కానీ ఆ ధైర్యం ఆవిడ తనంతట తాను, తనకు నచ్చినరోజున తెచ్చుకోవాల్సింది. గుట్టు విప్పుకోక తప్పని పరిస్థితి నేను కల్పించాను. డ్రైవరుగారి కూతురి ఫోను నంబరు సంపాదించాం. పిన్ని కాగితం విప్పి, రాసుకున్నదంతా ఫోనులో చదివి వినిపించింది. ఆయన చాలా సంతోషించాడు. "ఈసారి అటు వచ్చినప్పుడు" అన్నాడు. ఇంకా రాలేదు. ఆయన ఎదుట నిలబడి చేతులు జోడించి చెప్పాలని తొమ్మిదేళ్ళు దాచుకున్న మాట అది. దాన్ని నేను ఒక నవ్వుకి ఖర్చు పెట్టేశాను.

ఇప్పుడు ఊళ్ళో అందరూ పిన్ని కనబడగానే తామే పేరు చెప్పుకుంటున్నారు. బాబాయికి పనిలేకుండా పోయింది. మళ్ళీ తల ఊపుడుకి దిగిపోయాడు. నేను ఇప్పుడు మిమిక్రీలో కుక్కలూ రైళ్ళూ మాత్రమే చేస్తున్నాను. అవైతే ఎవరినీ నొప్పించవు.

క్షమించమని అడగడానికి బాబాయి దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. నోరు తెరవగానే కుర్చీ చూపించి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, "కింది వరస చదువు" అంటాడు. చదువుతాను. నాలుగుసార్లకీ నాలుగు జతల కళ్ళద్దాలు వచ్చాయి. నా చూపులో ఏ లోపమూ లేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

ఐదోసారి వెళ్ళినప్పుడు బాబాయి లోపలి గదిలో ఉన్నాడు. పిన్ని బల్ల దగ్గర కూర్చుని అద్దాలు తుడుస్తోంది. ఇదే అదననుకున్నాను. దారిపొడుగునా నేర్చుకున్నదంతా గడగడా చెప్పేశాను. ఆ నవ్వులూ, ఆ చీటీలూ, ఆ బస్సూ, నా బుద్ధిలేనితనమూ, ఏదీ దాచలేదు.

పిన్ని తుడవడం ఆపి అంతా శ్రద్ధగా వింది. "చాలా బాగా చెప్పావు నాయనా" అంది. "ఇంతకీ నువ్వెవరు?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. "నేను పిన్నీ! నేనే! మీ బావగారబ్బాయిని!" అంటూ, చిన్నప్పుడు తన ఒళ్ళో కూర్చుని పలక మీద దిద్దిన అక్షరాలనుంచి, మొన్న మొన్న వచ్చిన జ్వరందాకా, నా చరిత్ర మొత్తం చెమటలు కక్కుతూ అప్పజెప్పాను.

చివరిదాకా అలాగే చూస్తూ ఉన్న పిన్ని పెదవి ఒక మూల కదిలింది. లోపలి గదిలో ఏదో డబ్బా కింద పడింది. ఆ వెనకే బాబాయి నవ్వు, ఆపుకోలేక ఆపుకోలేక తెగిపోయిన నవ్వు.

"నీ గొంతు నాకు తెలియదట్రా వెధవా?" అంది పిన్ని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. "నటించడం నీ ఒక్కడికే వచ్చనుకున్నావా?"